రుస్తాఖ్‌లో నేను చనిపోయిన సంగతి

దార్సైట్,
28-10-1994, శుక్రవారం

నాయనా నర్సింగ్,

ముందు నీ నడుము ఎట్లా ఉందో రాయి, మిగతావి తర్వాత. సిమెంటు బస్తాలు నువ్వే ఎత్తుతున్నావా, వేరేవాళ్ళ చేత ఎత్తిస్తున్నావా? నీ రూములో వాళ్ళ జ్వరాలు తగ్గాయా? మన ఉత్తరాలు మోసే యాకూబ్‌కు దగ్గు పోయిందా? పికప్ నడిపే మనిషికి దగ్గు మంచిది కాదు, దగ్గేటప్పుడు కళ్ళు మూసుకుపోతాయి. నీకు పనిచ్చిన అర్బాబు ఖల్ఫాన్ గారికి చక్కెర జబ్బని చెప్పావు, ఆయన కాలి పుండు మానిందా? మెట్‌పల్లిలో కోడలు, పిల్లలు బాగున్నారని నా చెల్లె తిరుపతమ్మ రాసింది. కానీ అది ఇల్లు కాలిపోయినా బాగున్నామనే రాస్తుంది. ఇక్కడ నీ చెల్లె నవీన, అల్లుడు బాగున్నారు. నాకు నిద్ర లేదు, అది కొత్త కాదు.

నేను ఈ అరబ్బు దేశం దిగిన వారానికి ఒక్కసారి వచ్చావు. గంట కూర్చుని, అన్నం సగం వదిలేసి, పికప్ పోతుందని లేచావు. ఇంత దూరం విమానంలో గుండె చేత పట్టుకొని వచ్చింది అంతమాత్రానికేనా? నువ్వు పండుకునే మంచం చూడాలి. నీ వంట గిన్నెలు చూడాలి. ఒక్కరోజైనా నా చేత్తో వండిపెట్టాలి. డిసెంబరు సగానికల్లా నా వీసా అయిపోతుందని అల్లుడు అంటున్నాడు. రుస్తాఖ్‌కు ఎప్పుడు రమ్మంటావు?

ఎదురు ఫ్లాటులో సమ్రీన్ అని హైదరాబాదు అమ్మాయి ఉంది. బళ్ళో ఇంగ్లీషు చెబుతుంది. సాయంత్రాలు వచ్చి నవీనకు కూడా నేర్పుతుంది. నేను చిక్కుడుకాయలు తుంచుకుంటూ వింటాను. ఇంగ్లీషువాళ్ళు ఒక మాట వెనక చిన్న తోక తగిలిస్తారట. తోక మారితే అర్థమే మారిపోతుందట. 'పాస్' అనే మాటకు 'బై' తగిలిస్తే పక్కనుంచి పోవడం. 'ఆన్' తగిలిస్తే ఒకరి చేతిలోంచి ఇంకొకరికి అందించడం. 'అవుట్' తగిలిస్తే కళ్ళు తిరిగి పడిపోవడం. 'అవే' తగిలిస్తే ఇక మనిషే లేడు, కాలం చేసినట్టు. నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను. మనం గడప దాటేటప్పుడు కూడా 'పోతున్న' అనకుండా 'పోయొస్త' అంటాం కదా, వాళ్ళకు ఆ జాగ్రత్త ఉన్నట్టు లేదు.

ఇంకొకటి. నిన్న యాకూబ్ నిమ్మకాయల సంచి దించుతూ నవీనను చూపించి, "కోడలు మంచిగ చూస్కుంటున్నదా పెద్దమ్మా?" అన్నాడు. కూతురిని పట్టుకొని కోడలంటాడేమిటి? ఆ మనిషికి తల దిమ్ముగా ఉందేమో, వైద్యుడికి చూపించుకోమను.

ఎండలో తలకు గుడ్డ చుట్టుకో.

నిన్ను కన్న అవ్వ,
దేవవ్వ


రుస్తాఖ్,
2-11-1994

అవ్వా,

నా నడుము బాగుంది. రూములో అందరూ లేచి తిరుగుతున్నారు. అర్బాబు కాలి పుండు మానింది. యాకూబ్ దగ్గు సిగరెట్ల దగ్గు, అది పోదు.

రుస్తాఖ్ రావాలని మాత్రం అనుకోకు. ఒక్క రూములో ఐదుగురం ఉంటాం, ఆడమనిషి కాలు పెట్టే చోటు కాదు. దారి పొడుగూ మలుపులు, నీకు కడుపులో తిప్పుతుంది. మా పనే ఇక్కడుందో, ఇంకో ఊళ్ళో ఉందో నాకే తెలియదు, మొన్న ఖబూరాలో కూడా అర్బాబు ఒక గోడ పని ఒప్పుకున్నాడు. వీలు చూసుకొని నేనే వస్తాను.

యాకూబ్‌తో ఎక్కువ మాట్లాడకు. మంచివాడే కానీ నోట్లో మాట నిలవదు. సంచి తీసుకొని పంపించేయి. చాయ్ కూడా పోయవద్దు.

నీ కొడుకు,
నర్సింగ్


దార్సైట్,
5-11-1994

నాయనా నర్సింగ్,

చాయ్ కూడా పోయవద్దా? నూరు మైళ్ళ నుంచి ఉత్తరం తెచ్చినవాడిని గుమ్మంలోంచి పంపమంటావా? నా పెంపకంలో ఈ మాట ఎక్కడ నేర్చుకున్నావు?

నీ ఉత్తరం నవీన చేత మళ్ళీ చదివించాను, నేను తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు. నువ్వు ఏదో దాస్తున్నావు. తాగుడు మొదలుపెట్టావా? చెయ్యో కాలో విరిగిందా? లేకపోతే ఆనాడు గంటసేపు కూర్చున్నప్పుడు ఎడమ చెయ్యి ఎందుకు జేబులోంచి తీయలేదు? పోలీసుల గొడవా? అక్కడ ఇంకో సంసారం పెట్టావా? కోడలికి నేను ఏ ముఖం చూపించాలి? నవీనను అడిగితే "ఊరికే ఊహించుకోకు అవ్వా" అని వంటింట్లోకి పోతుంది. అది కూడా నా కళ్ళలోకి చూడడం లేదు.

మనసు మళ్ళించుకుందామని సమ్రీన్ పాఠం దగ్గరే కూర్చుంటున్నాను. ఆ 'పాస్ అవే' మాట నన్ను వదలడం లేదు. మేకకు, కోడికి అనవచ్చా అని అడిగాను. అనకూడదట, మనుషులకే. మరి మన దిక్కు 'ఎక్స్‌పైర్ అయిండు' అంటారు కదా అంటే ఆ పిల్ల నవ్వి, "ఎక్స్‌పైర్ అయ్యేది మందు సీసా, మీ వీసా. మనిషి పోతే మెత్తగ చెప్పాలె అమ్మా. మా ఉర్దూల 'గుజర్ గయే' అంటం, అట్లనే ఇది" అంది. ఇంటివాళ్ళ ముందు, దుఃఖంలో ఉన్నవాళ్ళ ముందు వాడే మాటట. జరిగిపోయినట్టు చెప్పాలంటే 'పాస్డ్ అవే'. ఇంకొకటి కూడా చెప్పింది. "అన్ని మాటలు 'నేను' అని మొదలుపెట్టొచ్చు గని, అయిపోయిందని చెప్పెటప్పుడు దీన్ని మాత్రం ఎవ్వరు మొదలుపెట్టలేరు" అంది. నేను రాత్రంతా అదే ఆలోచించాను.

రుస్తాఖ్ గురించి నిజం రాయి. రాయకపోతే యాకూబ్ పికప్‌లోనే ఎక్కి వస్తాను.

అవ్వ


దార్సైట్,
12-11-1994

నర్సింగ్,

నేను చనిపోయానట కదా.

అక్షరాలు సరిగా రావు, ఏమీ అనుకోకు. నిన్న యాకూబ్ వచ్చాడు. నువ్వు వద్దన్నా చాయ్ పోశాను. తాగి, లేచి, ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాక అన్నాను, "మా నర్సింగ్ రూము దిక్కు నన్నొకసారి తీస్కపో బిడ్డా" అని.

"మీ కోడలి అన్న రూముల నీకేం పని పెద్దమ్మా?" అన్నాడు.

"కోడలేంది? నవీన నా కడుపుల పుట్టింది. నర్సింగ్ దానికి పెద్దోడు."

"మజాక్ చేస్తున్నవా? నువ్వు నవీనమ్మ అత్తమ్మవు గదా. నర్సింగే చెప్పిండు. వాళ్ళమ్మ రెండేండ్ల కిందనే పాయె. టెలిగ్రాం వచ్చింది, 'మదర్ పాస్డ్ అవే' అని. నేనే చదివిన. నేనే అర్బాబుకు అరబీల చెప్పిన."

ఆ రెండు మాటలు నాకు తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో. తెలిసి కూర్చున్నాను కదా. యాకూబ్ ఒక చెప్పుతోనే నిలబడి నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా కాళ్ళు కూడా చూశాడు, నేల మీద ఉన్నాయో లేదో అని. నవీన వంటింట్లోంచి వచ్చి గోడకు ఆనుకుంది. దాని ముఖం చూడగానే అర్థమైంది, దానికీ తెలుసు.

"నా నోటితోని నిన్ను చంపించిండు గదా పెద్దమ్మా! ఆ దినం నేను ఏడ్చిన. అర్బాబు గూడ ఏడ్చిండు. ఆయన తల్లి పోయి నెల గూడ కాలేదప్పుడు" అంటూ యాకూబ్ నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. వాడిని ఊరుకోబెట్టడం నా వంతయింది. చచ్చినదాన్ని నేను, ఓదార్పు వాడికి.

తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. మీ అర్బాబు తన తల్లి పుణ్యానికి దుకాణం గోడకు చల్లనీళ్ళ పెట్టె పెట్టించాడట, దారిన పోయేవాళ్ళు తాగడానికి. దానికి రెండో నల్లా బిగించి, అది నర్సింగ్ తల్లిది అన్నాడట. నర్సింగ్, రెండేళ్ళుగా నా పేరున జనం నీళ్ళు తాగుతున్నారా? నేను ఇక్కడ బతికి అన్నం తింటూ ఉండగా? నాకు దాహం వేసినా ఇప్పుడు గ్లాసు ముట్టాలంటే ఎట్లానో ఉంది. తప్పుడు చావు కబురు వస్తే ఆయుష్షు పెరుగుతుందని నవీన అంటోంది. పెరిగితే పెరగనీ, దానితో ఏం చేసుకోను?

ఒక్కటి అడుగుతాను, దానికి మాత్రం నిజం చెప్పు. ఆ ఏడు నిజామాబాద్‌లో నా కడుపు కోసినప్పుడు నువ్వు వచ్చావు. నాకు తెలివి వచ్చాక వేములవాడ పోయి గుండు చేయించుకొని వచ్చావు. నా కొడుకు నా ప్రాణం కోసం జుట్టు ఇచ్చాడని వార్డు వార్డంతా చెప్పుకున్నాను. తల్లి పోతే కొడుకు గుండు చేయించుకుంటాడని మీ అర్బాబుకు యాకూబే చెప్పాడట. ఆ గుండు నేను బతికినందుకా, చచ్చినందుకా?

దేవవ్వ


రుస్తాఖ్,
15-11-1994

అవ్వా,

నువ్వు నన్ను తిట్టి రాసినా బాగుండేది.

మొదట వచ్చింది నిజమైన టెలిగ్రామే. 'మదర్ సీరియస్' అని. కానీ ఆ ఎండాకాలం మా క్యాంపులో ముగ్గురి తల్లులు సీరియస్ అయ్యారు. ముగ్గురూ పోయి ఒకడు పెళ్ళి చేసుకొని వచ్చాడు, ఒకడు ఇంటికి స్లాబు పోసుకొని వచ్చాడు, ఒకడు ఊరికే తిని వచ్చాడు. సెలవు కావాలంటే అందరూ చేసే పని అది. అర్బాబు నా టెలిగ్రాం చూసి నవ్వాడు. "మీ దేశంలో నాన్నలకు జబ్బు రాదా?" అన్నాడు. అక్కడ నువ్వు ఆపరేషన్ బల్ల మీద ఉన్నావు. పోయిందంటే మాత్రం ఏ అర్బాబూ నవ్వడని రూములో వాళ్ళు చెప్పారు. ఊళ్ళో ఒక దోస్తు చేత రెండోది కొట్టించాను. 'ఎక్స్‌పైర్డ్' అంటే బతాకాకు, అదే ఇక్కడి గుర్తింపు కార్డుకు, గడువు అయిపోయిందనుకుంటారేమోనని 'పాస్డ్ అవే' అని పెట్టించాము. అర్బాబు ఆ పూటే టికెట్ తెప్పించాడు. నేను అందుకే నీ పక్కన కూర్చోగలిగాను.

గుండు నీ ప్రాణానికే. నువ్వు కళ్ళు తెరిస్తే జుట్టు ఇస్తానని ఆసుపత్రి మెట్ల మీద మొక్కుకున్నాను. కానీ తిరిగి వచ్చి నిలబడ్డప్పుడు అర్బాబు నా తల మీద చెయ్యి పెట్టి ఏదో చదివాడు. నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు విప్పితే నా బతుకు పోతుంది. సామాన్ల గది తాళాలు నా దగ్గరే ఉంటాయి, పదిమంది మీద మేస్త్రీని. అంతా ఆయన నమ్మకం మీదే. తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తాడు. యాకూబ్ చెప్పనన్నాడు, మూతి ముడుచుకొనే అన్నాడు.

నీకు రుస్తాఖ్ చూడాలనే ఉంటే ఒక దారి ఉంది. చిన్నమ్మగా రా. తిరుపతమ్మ చిన్నమ్మ పేరు చెప్పుకో, మీ ఇద్దరి ముఖాలూ ఒకటే. మా చిన్నమ్మ దార్సైట్ వచ్చిందని అర్బాబు చెవిన వేసి ఉంచాను. ఒక్కరోజు నన్ను 'అక్క కొడుకా' అని పిలిస్తే చాలు.

నర్సింగ్


దార్సైట్,
20-11-1994

నాయనా,

నీ ఉత్తరం చూసి నవీనకు కనబడకుండా బాత్‌రూములో ఏడ్చాను. తర్వాత నీ ఉద్యోగం గుర్తొచ్చింది. అద్దం ముందు నిలబడి 'అక్క కొడుకా' అని అని చూసుకున్నాను. మూడోసారికి వచ్చింది. తిరుపతమ్మ లాగా నవ్వడం కూడా చేసి చూశాను. నీ కోసం అదీ ఒప్పుకున్నాను, ఇది నువ్వు తెలుసుకోవాలి.

కానీ నేను రాకముందే ఆయన వచ్చాడు.

మొన్న శుక్రవారం తలుపు తీస్తే యాకూబ్ వెనక తెల్ల అంగీలో పొడుగాటి ముసలాయన, చేతిలో ఖర్జూరాల డబ్బా. "అర్బాబే వస్తనన్నడు, నేనేం చేయాలె పెద్దమ్మా" అని యాకూబ్ నేల చూపులు చూశాడు. పట్నంలో చక్కెర పరీక్షకు వచ్చి, పోయినామె చెల్లెలిని ఒకసారి పలకరించి పోదామని వచ్చాడట. అల్లుడు ఇంట్లో లేడు. నవీన పరుగెత్తి సమ్రీన్‌ను పిలుచుకొచ్చింది, యాకూబ్ నోటిని నమ్మక, ఆయన హిందీ మాట నాకు తెలుగులో చెప్పడానికి.

ఆయన కూర్చున్నాడు. నేను తిరుపతమ్మనై కూర్చున్నాను. "మీ అక్క ఎట్లాంటి మనిషి?" అని అడిగాడు.

ఏం చెప్పాలి? "భయస్తురాలు. ఊకె కొడుకు మీదనే పాణం. జ్వరమొచ్చిందని ఒకనాడు, రాలేదని ఒకనాడు భయపడేది" అన్నాను. అంటుంటే నాకే ఆమె మీద జాలి కలిగింది. సమ్రీన్ అది హిందీలో చెప్పింది. "మా అమ్మ కూడా అంతే" అని ఆయన తలూపాడు.

తర్వాత ఖర్జూరాల డబ్బానే చూస్తూ ఏదో అన్నాడు. సమ్రీన్ నా వైపు జరిగింది. "అమ్మా, ఆయన అంటున్నడు... మొదటి టెలిగ్రాం వచ్చినప్పుడు నవ్విండట. ఆ నవ్వుతోని కొడుకు ఆలస్యమై తల్లికి అందలేదట. తన తల్లి తన చేతులల్లనే పోయింది గని, ఇంకొక తల్లికి కొడుకు చెయ్యి దక్కకుండ చేసినని రెండేండ్ల సంది నిద్ర లేదట. మీ అక్క పొయ్యేటప్పుడు కొడుకు కోసం అడిగిందా అని అడుగుతున్నడు."

నర్సింగ్, నువ్వు ఇది నాకు రాయలేదు. నీకు తెలియదా, తెలిసీ ఊరుకున్నావా? నీళ్ళ పెట్టె పుణ్యానికి అనుకున్నాను నేను. అది ఆయన వేసుకున్న శిక్ష.

సమ్రీన్ వైపు చూశాను. నవీన చెప్పగా ఆ పిల్లకు అంతా తెలుసు కదా. "ఇంకా అబద్ధం నా నోటితోని చెప్పియ్యకు అమ్మా" అని ముఖం తిప్పుకుంది. నవీన నా భుజం నొక్కింది, చెప్పవద్దని. నీ ముఖం కళ్ళ ముందు నిలిచింది, నీ తాళాలు, నీ పిల్లలు. అయినా ఆ ముసలాయన తల వంచుకొని కూర్చుంటే నాకు చేత కాలేదు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని నాకు వచ్చిన నాలుగు ముక్కలతో ఆయనకే చెప్పాను. "మై నర్సింగ్ అమ్మ. నో పాస్ అవే. నో పాస్ అవే. మై."

ఆ మాట ఆయన అంతకుముందు ఒక్కసారే విని ఉంటాడు. నా ముఖం చూశాడు, యాకూబ్ ముఖం చూశాడు. యాకూబ్ తల దించుకున్నాడు. "కొడుకు అందిండు, నా చెయ్యి వట్టుకునే ఉండె" అని నేను తెలుగులోనే అంటూ ఉన్నాను, సమ్రీన్ ఏడుస్తూ చెబుతూనే ఉంది. ఆయన లేచాడు. కర్ర తీసుకొని మెట్లు దిగిపోయాడు. పోసిన చాయ్ అట్లాగే ఉంది.

నిన్ను పోలీసులకు పట్టించాడా? విమానం ఎక్కించాడా? మెతుకు దిగడం లేదు. ఒక్క ముక్క అయినా రాసి పంపు. నన్ను తిట్టాలంటే తిట్టు, కానీ రాయి.

అవ్వ


రుస్తాఖ్,
24-11-1994

అవ్వా,

నేను ఇక్కడే ఉన్నాను. ముందు అన్నం తిను.

శనివారం పొద్దున అర్బాబు సైటుకు వచ్చి చెయ్యి చాపాడు. తాళాలు ఇచ్చాను. వాటిని యాకూబ్‌కు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన దారిన ఆయన, నా దారిన నేను. రూములో వాళ్ళు నా పెట్టె సర్దిపెట్టారు కూడా. మంగళవారం ఇంటికి పిలిచాడు. ఆయన అరబీలో అన్నది యాకూబ్ తెలుగులో చెప్పాడు, నేను అట్లాగే రాస్తున్నాను.

"సెలవు కోసం అబద్ధమాడినవు. నేను నవ్విన గనుక ఆడినవు, అది నేను మరిచిపోత. తిరిగొచ్చినంక ఎందుకు చెప్పలేదు? రెండేండ్లు నేను నమాజుల నా తల్లితోపాటు నీ తల్లి పేరు తీసుకున్న. నువ్వు రోజు నా ముందటి నుంచి నడిచిపోయినవు."

కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"నీ తల్లి చెప్పింది, నువ్వు చెప్పలేదు. ఆమె చెప్పింది గనుక నీ వీసా ఉంటది. తాళాలు మాత్రం ఉండవు." అంటే ఇక మేస్త్రీని కాను అవ్వా, అందరితోపాటు ఇటుకలు మోసేవాడిని. ఇంకో మాట కూడా అన్నాడు. ఆనాడు నాకు చేయి ఇచ్చి ఓదార్చిన పెద్దమనుషులందరినీ తన ఇంటికి పిలుస్తాడట. వాళ్ళ ముందు నిన్ను తెచ్చి నిలబెట్టి, ఈమె నా తల్లి అని నా నోటితో చెప్పాలట. తారీఖు మాత్రం నువ్వే పెట్టాలన్నాడు.

ఆయన నిన్ను గురించి ఏమీ చెడుగా అనలేదు. నేను వచ్చేస్తుంటే మాత్రం, "బతికున్నదా!" అని ఒక్కడే అనుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

నా ముఖం వాళ్ళకెట్లా చూపించాలి? నాకు భయంగా ఉంది అవ్వా.

నర్సింగ్


దార్సైట్,
27-11-1994

నాయనా నర్సింగ్,

నీ ఉత్తరం చదివి నేల మీదే కూర్చుండిపోయాను. నవీన నీళ్ళు తెచ్చింది, ఈసారి తాగాను.

ఇటుకలు మోస్తావా? ఆ నడుముతోనా? దానికి కట్టుకోవడానికి ఒక మెత్తటి పట్టీ కుట్టాను. తాళాలు నా నోటి వల్లే పోయాయి. దానికి నువ్వు కోపం పెట్టుకుంటే పెట్టుకో, నేను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నా అదే మాట అంటాను. ఆ మనిషి అట్లా తల వంచుకొని ఉంటే ఏ తల్లీ చచ్చినట్టు నటించలేదు.

నాకు భయాలు లేవని కాదు. అంతమంది మగవాళ్ళ ముందు ఎట్లా నిలబడాలి? తల మీద కొంగు కప్పుకోవాలా? వాళ్ళు ఏమైనా అడిగితే? చచ్చినామె లేచి వచ్చిందని ఎవరైనా ముసలివాళ్ళు గుండె పట్టుకుంటే ఆ పాపం ఎవరిది? అందుకని అర్బాబు గారిని అడిగి అందరికీ ముందే కబురు పంపించు, నేను బతికే ఉన్నానని. అక్కడ ఉన్నట్టుండి ఎవరూ బెదరకూడదు.

భయంగా ఉందని రాశావు. నువ్వు చిన్నప్పటి నుంచి భయమని ఎప్పుడూ నాతో అనలేదు, అన్నీ నేనే ఊహించుకొని చచ్చేదాన్ని. ఇప్పుడు చెప్పావు, నాకు అదే చాలు. నువ్వు నోరు తెరిచేటప్పుడు నేను నీ పక్కనే ఉంటాను, నీ చెయ్యి నా చేతిలోనే ఉంటుంది. మాట మాత్రం నువ్వే చెప్పాలి. నేను అందించను.

అల్లుడు స్నేహితుడి కారు అడిగి పెట్టాడు. నవీన కూడా వస్తానంది. వాళ్ళ జుమ్మా నమాజు అయ్యే వేళకు చేరుకుంటాము. డిసెంబరు రెండో తారీఖు, శుక్రవారం, నేను రుస్తాఖ్ వస్తున్నాను.

దేవవ్వ